లాహోరు మీద మంచు

ఒక ఊరిని రూపుమాపాలంటే ఫిరంగులు కావాలి, సైన్యం కావాలి అనుకుంటారు మీరు. నాకు ఒక డబ్బా సఫేదా తెల్లరంగు, బెత్తెడు వెడల్పున్న బ్రష్షు, ఒక మధ్యాహ్నం సరిపోయాయి. నేను రూపుమాపిన ఊరు లాహోరు. అది కూడా సరిహద్దు వైపు కన్నెత్తి చూడకుండా, కరీంనగర్‌లో, అన్నం తిని చేయి కడుక్కున్న తర్వాత తీరిగ్గా కూర్చుని చేశాను. పాకిస్తాన్‌తో లడాయి నడుస్తున్న ఏడాది కాబట్టి నాకు ఎవరైనా పతకం ఇచ్చి ఉంటారని మీకు అనుమానం రావచ్చు. ఎవరూ ఇవ్వలేదు, ఇవ్వకపోవడమే న్యాయం. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సంగతి గుర్తొస్తే నవ్వొస్తుంది, ఆ నవ్వు మాత్రం ఎప్పుడూ పూర్తి కాదు.

మాది సుల్తానాబాదులో మగ్గాల ఇల్లు. నేను కూడా మగ్గం మీదనే బతకాలని మా బాపు కోరిక. కానీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టగానే నాకు నిద్ర ముంచుకొచ్చేది. మెలకువ ఉన్నంతసేపు బొగ్గుతో గోడల నిండా నెమళ్లు వేసేవాణ్ణి. సున్నం వేసిన గోడలు పాడవుతున్నాయని మా అవ్వ మొత్తుకుంటుంటే బాపు విసిగిపోయి, "వీని చెయ్యి వీన్ని కూసోనియ్యది. పట్నం తోలుడే నయం" అన్నాడు. అలా కరీంనగర్ వచ్చి దుకాణాల బోర్డులు రాసే పెయింటర్నయ్యాను. కొన్నాళ్లకు ఊరి పాత ద్వారం కమాన్ దగ్గర ఫోటో స్టూడియో నడిపే రాజలింగం సేటు నన్ను పిలిపించాడు.

ఆ రోజుల్లో ఫోటో దిగడమంటే పెళ్లిలో ఒక తంతు. కొత్త జంట స్టూడియోకి వచ్చి, వెనక బొమ్మ వేసిన పరదా ముందు ఊపిరి బిగబట్టి నిలబడితే తప్ప ఆ పెళ్లి పూర్తయినట్టు కాదు. జంట ఎలా ఉందన్నది తర్వాతి మాట, వెనక పరదా ఎలా ఉందన్నదే ముందు మాట. సేటు దగ్గరున్న పాత పరదా మీద ఒక మేడమెట్ల వరుస, ఒక హంస ఉండేవి. ఏళ్ల తరబడి చుట్టీ విప్పీ హంస మెడ అరిగిపోయి అది కోడిలా తయారైంది.

"జగిత్యాలల ఒకడు తాజ్‌మహల్ పరదా కట్టిండట నర్సింలూ. మనోళ్లంత గాడికే ఉరుకుతుండ్రు" అన్నాడు సేటు దిగులుగా.

"మనం సుత తాజ్‌మహల్ ఏద్దాం సేటు."

"ఎవలన్న కొత్త పెండ్లి జంటను సమాధి ముంగట నిలవెడ్తరార? మనం కాశ్మీర్ ఏద్దాం."

కాశ్మీరు అంటే సరే అన్నాను. అప్పటికి నేను ఉత్తరాన బెల్లంపల్లి దాటి పోలేదన్న సంగతి సేటు అడగలేదు, నేను చెప్పలేదు. పాత సామాన్లు అమ్మే దుకాణంలో వెతగ్గా వెతగ్గా ఒక క్యాలెండర్ బొమ్మ దొరికింది. ఏనాటిదో, కింది భాగమంతా చెదలు తినేసింది కాబట్టి అది ఏ ఊరో రాసి ఉన్నా మిగల్లేదు. బొమ్మ మాత్రం చూడముచ్చటగా ఉంది. పాలరాతి మంటపం, దాని ముందు చెరువంత కొలను, కొలను నిండా ఫౌంటెన్లు, నీళ్ల మధ్యలో రాజుగారు కూర్చోవడానికి తెల్లటి అరుగు, చుట్టూ పచ్చిక, వెనక పొడుగాటి గోడ. ఇన్ని నీళ్లు, ఇంత పచ్చిక ఒక్కచోట ఉన్నాయంటే అది కాశ్మీరు కాక ఇంకేమవుతుంది? కరీంనగర్ ఎండలకు మాడిన బుర్రకు అంతకన్నా మంచి ఆలోచన రాదని మీరు దయచేసి ఒప్పుకోవాలి.

పరదా బట్ట మా బాపే నేశాడు. నెమళ్లు వేసినందుకు నన్ను తిట్టిన మనిషే, నా బొమ్మ కోసమని మందపాటి నూలు ఏరి మరీ నేశాడు. దాన్ని గోడంత ఎత్తున కట్టి, నిచ్చెన ఎక్కుతూ దిగుతూ నెలరోజులు పని చేశాను. పూర్తయ్యాక సేటు దూరంగా నిలబడి చూశాడు, తల పక్కకు వంచి మళ్లీ చూశాడు.

"కాశ్మీర్ల మంచు ఉంటదంటరు గదర. ఏది?"

"ఎండకాలం బొమ్మ సేటు. కరిగింది."

"మరి గుట్టలు?"

"గోడ అవుతల ఉన్నయి."

"కనవడ్తలేవు గద."

"గోడ ఎత్తుగున్నది సేటు."

నా నోటికి అప్పట్లో తాళం లేదు. సేటు ఒప్పుకున్నాడు. జనం అంతకన్నా ముందే ఒప్పుకున్నారు. సిరిసిల్ల నుంచి, హుజూరాబాదు నుంచి, గోదావరి అవతలి నుంచి కొత్త జంటలు బస్సులు దిగి, "కాశ్మీర్ ఇదేనా?" అని అడుగుతూ వచ్చేవారు. బెల్లంపల్లి గనుల్లో చేసేవాళ్లు జీతం అందిన వారమే వచ్చేవారు. ఠాణా జమేదారు సాబు కూడా భార్యను వెంటబెట్టుకుని, టోపీ పెట్టుకుని, నెలరోజులు పెంచిన మీసాలతో వచ్చి కొలను గట్టున నిలబడ్డాడు. ఆ ఫోటోను సేటు పెద్దది చేయించి బయట అద్దాల పెట్టెలో పెట్టాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, పిన్ని వరసగా నేను ఖాలా అని పిలిచే అమీనా గురించి చెప్పాలి. నేను అద్దెకున్న గదికి ఎదురుగా ఆమె ఇల్లు. భర్త పోయాడు. అరుగు మీద చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టి బతికేది. వేడి రొట్టె ఏ పూట చేసినా నాకొకటి పక్కన పెట్టేది. ఒక్కడే కొడుకు యాకూబు. పోలీసు చర్య అయిన కొత్తల్లో, మీసాలు కూడా సరిగ్గా రాని వయసులో, మేనమామ వెంట అవతలి దేశానికి పోయాడు. లాహోరులో రైళ్ల కార్ఖానాలో పని దొరికిందని రాశాడట. ఆ తర్వాత రాలేదు, రానిచ్చే రోజులూ కావు. ఖాలా మాత్రం "మా యాకూబ్ లాహోర్ల ఉంటడు" అని, లాహోరు పెద్దపల్లికి అవతల రెండో ఊరైనట్టు చెప్పేది.

ఒకసారి నన్ను అడిగింది. "నువ్వు బొమ్మలేస్తవ్ గద బేటా. లాహోర్ ఎట్లుంటది?"

"ఊరే గద ఖాలా. మన కరీంనగర్ లెక్కనే ఉంటది."

ఆమె కాసేపు బీడీ ఆకు కత్తిరించింది. "గట్లయితే వాడు గంత దూరం ఎందుకు పోవుడు?" అంది.

నేను రొట్టె తిని వచ్చేశాను.

లడాయి మొదలైంది. హోటళ్లలో రేడియో ముందు గుంపులు. ఆ రోజుల్లోనే బెల్లంపల్లి నుంచి ఒక సర్దార్జీ ఫోటో దిగడానికి వచ్చాడు. గనులకు దుంగలు సరఫరా చేసే కాంట్రాక్టరు. దేశం రెండు ముక్కలైనప్పుడు ఉన్నదంతా వదిలి ఇటు వచ్చి, చివరికి మా బొగ్గు ఊళ్లో తేలాడు, తెలుగు కూడా పట్టుబడింది. సేటు కుర్చీ వేశాడు, దీపాలు వెలిగించాడు. సర్దార్జీ కూర్చోబోతూ వెనక్కి తిరిగి పరదా చూశాడు. ఇక ముందుకు తిరగలేదు.

"సర్దార్జీ, గిటు చూడుండ్రి" అన్నాడు సేటు కెమెరా నల్లగుడ్డలోంచి.

"ఈ బొమ్మ ఎవలు ఏసిండ్రు?"

"నేనే" అన్నాను, మెచ్చుకుంటాడని ముందుకొచ్చి.

"నువ్వు లాహోర్ పోయినవా?"

"లేదు సర్దార్జీ. ఇది కాశ్మీర్."

ఆయన గడ్డంలో నవ్వాడు. "కాశ్మీర్ల సుత గిసుంటి బాగ్ ఉన్నది. గాడ బాద్షా ఒకటి కట్టిచ్చిండు, ఆయన కొడుకు లాహోర్ల గసుంటిదే ఇంకోటి కట్టిచ్చిండు. కవల పిల్లల లెక్క ఉంటయి. ఫరక్ ఒక్కటే. కాశ్మీర్ దాని ఎన్క గుట్టలుంటయి, లాహోర్ దాని ఎన్క గోడ ఉంటది. నువ్వు గోడ పెట్టినవ్."

గోడ ఎత్తుగున్నదని నేను సేటుకు చెప్పిన మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. సర్దార్జీ చెప్పులు విడిచి పరదా దగ్గరికి పోయి, నేను వేసిన కొలను నీళ్ల మీద అరచేయి ఆనించాడు. "చిన్నప్పుడు గీన్నే కాళ్లు ఏసి కూసుంటుంటి" అన్నాడు. ఆయన కళ్లు తడిశాయి. చూసి నా కళ్లూ తడిశాయి, కానీ నావి భయంతో.

ఆయన ఫోటో దిగి ఊరుకుంటే కథ అక్కడే ముగిసేది. సంతోషం పట్టలేక బుట్టెడు లడ్డూలు తెప్పించి కమాన్ నుంచి బస్టాండ్ దాకా పంచాడు. ఎందుకని అడిగిన ప్రతివాడికీ, "మా లాహోర్ దొరికింది, రాజలింగం సేటు దుకాణంల ఉన్నది" అని చెప్పాడు. లడ్డూ తినేదాకా ఎవరికీ ఏమీ అనిపించలేదు. చేయి కడుక్కున్నాక ఒక్కొక్కరికే వెలిగింది.

మర్నాడు పొద్దున దుకాణం తెరవకముందే జనం చేరారు. అందరికన్నా ముందు కిందటి మాఘంలో కొడుకు పెళ్లి చేసిన ఒక పటేలు.

"మా కోడల్ని తీస్కపోయి పాకిస్తాన్ల నిలవెట్టినవట."

"కమాన్ పక్కనే నిలవడ్డది పటేలా" అన్నాడు సేటు.

"ఫోటో మా దర్వాజ మీద ఉన్నది. సుట్టాలస్తే ఏమని చెప్పాలె?"

"కాశ్మీర్ అని చెప్పుండ్రి."

"ఎట్ల చెప్పుమంటవ్? సర్దార్జీ లడ్డు నేను సుత తింటి."

బెల్లంపల్లి నుంచి వచ్చిన ఒక గని కార్మికుడు మరీ పరేషాన్‌లో ఉన్నాడు. "సేటు, నేను డ్యూటీకి నాగా పెట్టి వచ్చి దిగిన. దుష్మన్ దేశం పోయొచ్చిండని నన్ను పనిలకెంచి తీసేస్తరా?" అని అడిగాడు. ఆ దేశం మనం పోయింది కాదు, గుడ్డ మీద మన దగ్గరికి వచ్చింది అని నేను నచ్చజెప్పబోతే అతనికి భయం ఇంకా పెరిగింది.

అంతలో జమేదారు సాబు వచ్చాడు. జనం పక్కకు తప్పుకున్నారు.

"ఏంర, శత్రువుల ఊరు దుకాణంల పెట్టుకుంటవా? పరదా జప్తు చేస్త. పెయింటర్ ఏడి?"

నేను నిచ్చెన వెనక ఉన్నాను. సేటు జమేదారును చేయి పట్టుకుని బయటికి నడిపించి, అద్దాల పెట్టె ముందు నిలబెట్టాడు. లాహోరు కొలను గట్టున, టోపీ పెట్టుకుని, భార్య పక్కన, మీసం మెలేసిన జమేదారు. ఎదురుగా అసలు జమేదారు. ఇద్దరూ ఒకరినొకరు చాలాసేపు చూసుకున్నారు.

"మీరు సుత పోయొచ్చిండ్రు సాబ్" అన్నాడు సేటు మెల్లగా.

జమేదారు లోపలికొచ్చి తలుపు మూశాడు. గొంతు తగ్గించి, "రేపటికల్ల గీ పరదా కనవడద్దు. గా ఫోటో ఇప్పుడే నాకియ్యి" అన్నాడు. ఫోటో జేబులో పట్టలేదు. టోపీలో పెట్టుకుని పోయాడు.

"చింపెయ్యర నర్సింలూ" అన్నాడు సేటు తల పట్టుకుని.

మా బాపు నేసిన బట్ట. దాన్ని చింపడానికి నాకు చేతులు రాలేదు. ఇదిగో, సరిగ్గా ఇక్కడే నాకు తెలివి పుట్టింది. నాకు తెలివి పుట్టినప్పుడల్లా ఎవరికో ఒకరికి నష్టం జరుగుతుంది, అప్పటికింకా అది నాకు తెలియదు.

"చింపుడెందుకు సేటు? మంచు కురిపిస్త. మనకు కావల్సింది కాశ్మీరే గద."

ఆ మధ్యాహ్నం కురిపించాను. పొడుగాటి గోడ గుట్టల వరుస అయింది. కొలను గడ్డకట్టింది. పాలరాతి మంటపం ఎక్కడుందో అక్కడొక మంచు దిబ్బ. ఒక్క ఫౌంటెన్ కూడా వదలకుండా దాని నెత్తిన సఫేదా పూశాను. జిగురు కాచే పొయ్యిలో ఆ క్యాలెండర్ బొమ్మను కూడా పడేశాను. సాక్ష్యం మిగలకూడదని నా పంతం. సాయంత్రానికి కమాన్ పక్కన లాహోరు లేదు. సేటు చూసి మురిసిపోయాడు. "మొదలు గిట్లెయ్యకపోతివి" అన్నాడు. నేను ఛాతీ విరుచుకుని ఇంటికి పోయి ఖాలా పెట్టిన రొట్టె తిన్నాను. అప్పుడామె నన్నేదో అడగబోయి ఆగింది. నేను నా గొప్పతనం మత్తులో ఉండి, ఏమిటని అడగలేదు.

లడాయి ఆగిందని రేడియోలో చెప్పారు. జనం వేరే మాటల్లో పడ్డారు. ఒకరోజు మధ్యాహ్నం స్టూడియో గుమ్మం ముందు అమీనా ఖాలా నిలబడి ఉంది. ఉతికి గంజి పెట్టిన తెల్ల చున్నీ, పెట్టె అడుగునుంచి తీసిన మడతల బట్టలు. కళ్లకు సుర్మా. ఆమెను బీడీల చేట లేకుండా నేను అంతకుముందు చూడలేదు.

"ఏంది ఖాలా, గిట్లొచ్చినవ్?"

"ఫోటో దిగుత బేటా."

"మంచిది ఖాలా. దా, కూసో."

ఆమె చుట్టూ చూసి, సేటుకు వినబడకుండా నా దగ్గరికి వంగింది. "సర్దార్జీ పంచిన లడ్డు నాకు సుత ఒకరు తెచ్చిచ్చిండ్రు. గా దినమే ఉరికొద్దామనుకున్న. లడాయి నడుస్తుండె, నేనొస్తే నీకు మాటొస్తదని ఆగిన. ఇగ ఎవలేమనరు గద. జర మా యాకూబ్ ఊర్ల నన్ను నిలవెట్టి ఒక ఫోటో తియ్యిపియ్యి. వానికి పంపుత. అమ్మ ఎప్పుడొచ్చింది మా ఊరికి అని బిత్తరపోవాలె వాడు."

అనుకున్నది తలచుకుని ఆమె చిన్నపిల్లలా నవ్వింది.

నా వెనక గోడంత ఎత్తున మంచు. ఆమెకు చూపు ఆనదు, దీపాల వెలుగులో ఇంకా సరిగ్గా చూడలేదు. ఆ క్షణంలో అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఇదే లాహోరు అంటే నమ్మేది. నాకెప్పుడూ తడుముకోకుండా వచ్చే అబద్ధం ఆరోజు రాలేదు.

"ఖాలా, లాహోర్ లేదు. నేనే మాపేసిన."

"మాపేసినవా?"

"మంచు పూసిన. కాశ్మీర్ చేసిన. అందరు కొట్లాటకొస్తే భయపడ్డ."

ఆమె పరదా దగ్గరికి పోయి, సర్దార్జీ చేయి ఆనించిన చోటనే చేయి పెట్టింది. సఫేదా పొడి ఆమె వేళ్లకు అంటింది.

"దీని కిందున్నదా?"

"కిందున్నది ఖాలా. నేను మళ్ల ఏస్త. జర ఆగు, నెల దినాలు." ఏమి చూసి వేస్తాను? క్యాలెండర్ జిగురు పొయ్యిలో బూడిదైపోయింది. మగ్గం గుంటలో నిద్రపోయినా బాగుండేది, ఈ చేయి ఈ పని చేసేది కాదు అనిపించింది. నిజంగా ఏడుపొచ్చింది, సేటు ముందు కాబట్టి నిచ్చెన సర్దుతున్నట్టు అటు తిరిగాను.

ఖాలా చున్నీతో వేళ్లు తుడుచుకుంది. గుట్టల వైపు కాసేపు చూసింది.

"కాశ్మీర్ కాడికెంచి లాహోర్ దూరమా?"

"కరీంనగర్ కాడికెంచి ఉన్నంత దూరం లేదు ఖాలా. దగ్గర్నే."

"అయితే గీన్నే తియ్యి" అంది ఆమె, కుర్చీలో కూర్చుని చున్నీ సవరించుకుంటూ. "సగం తొవ్వ వచ్చిన అని రాయి. కడమ సగం వాన్ని రమ్మను."

సేటు నల్లగుడ్డలో తల పెట్టి చాలాసేపు బయటికి తీయలేదు. ఫోటో తీయడానికి అంతసేపు పట్టదు.

టపా మళ్లీ నడిచాక ఆ ఫోటో పంపాము. ఉత్తరం నేనే రాశాను. నేను చదివింది ఉర్దూ బడే కాబట్టి ఆ మాటలు ఆమె చెప్పినవి చెప్పినట్టే పెట్టాను. ఎన్నాళ్లకో యాకూబు జవాబు వచ్చింది. అరుగు మీద కూర్చుని పైకి చదివాను. కొడుకు తల్లి మీద మండిపడ్డాడు. ఈ వయసులో నిన్ను కాశ్మీరు పొమ్మన్నదెవరు, అంత మంచులో పల్చటి చున్నీ కప్పుకుని కూర్చుంటావా, వెంట ఉన్నవాళ్లకైనా బుద్ధి లేదా, నీకు జలుబు చేస్తే చూసేదెవరు, మంచి ఉన్ని షాల్ పంపుతున్నాను, అది వచ్చేదాకా చలిలో తిరగొద్దు అని రాశాడు.

ఖాలా పడీ పడీ నవ్వింది. బీడీల చేట ఒరిగి ఆకులన్నీ అరుగు మీద చెల్లాచెదురయ్యాయి. "వెంట ఉన్నోనికి బుద్ధి లేదట బేటా" అని నన్ను పొడిచి పొడిచి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట ఒక్కటే ఆ ఉత్తరంలో అక్షరాలా నిజం.

షాల్ రాలేదు. యాకూబూ రాలేదు. మండే ఎండల్లో కూడా టపావాడు కనబడితే ఖాలా "నా షాల్ వచ్చిందా?" అని అడిగేది, ఆమె పోయే దాకా అడుగుతూనే ఉంది. తర్వాత నేను లాహోరు మళ్లీ వేయబోయాను, రెండు మూడు సార్లు. గోడ వచ్చేది, నీళ్లు వచ్చేవి, రాజుగారి తెల్లటి అరుగు మాత్రం నీళ్ల మధ్యలో ఎక్కడుండేదో గుర్తొచ్చేది కాదు.

కనుక చదువుతున్న మీ అందరి ఎదుట, కమాన్ సాక్షిగా, మా బాపు మగ్గం మీద చేయి పెట్టి ఒట్టు వేస్తున్నాను. నేను బతికుండగా ఏ ఊరి మీదా మంచు కురిపించను. సేటు బతిమాలినా, జమేదారు టోపీ తీసి దండం పెట్టినా, ఆ గోడ వెనక ఎవరి కొడుకున్నాడో కనుక్కోకుండా సఫేదా డబ్బా మూత తీయను. తీయక తప్పని రోజే వస్తే, అన్నిటికన్నా ముందు కుర్చీ పక్కన ఒక ఉన్ని షాల్ బొమ్మ వేసి, అది బాగా ఆరాకనే మంచు మొదలుపెడతాను.